పక్షుల వెంట ఒక పగలు

(కోల్‌కతాలో తెలుగు విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ముందు మాట్లాడిన పెద్దలు బెంగాలీ, తెలుగు సాహిత్యాల నడుమ గల అనుబంధాన్ని గురించి ఎంతో చక్కగా సెలవిచ్చారు. నేను సాహితీవేత్తను కాను. ఉద్యోగరీత్యా ఈ నగరానికి వచ్చి, ఇక్కడే చాలా ఏళ్లు గడిపి, సెలవు దినాలలో పక్షులను చూస్తూ తిరగడం అలవాటు చేసుకొన్నవాడిని మాత్రమే. గత పుష్యమాసంలో ఒక ఆదివారం నాడు ఒక బెంగాలీ మిత్రునితో కలిసి, నగరానికి దక్షిణాన ఉన్న ఒక పాత తోట మొదలుకొని తూర్పున ఉన్న చేపల చెరువుల దాకా, తెల్లవారినది మొదలు పొద్దుగుంకే వరకు తిరిగాను. ఆనాడు చూచినవి, విన్నవి, వాటిని బట్టి నాకు తోచినవి మీ ముందుంచుతాను.

మీలో చాలామంది ఈ నగరానికి రైలులోనే వచ్చి ఉంటారు. విశాఖపట్నం, బరంపురం, ఖరగ్‌పూర్‌ల మీదుగా వచ్చే బండి హౌరా చేరడానికి కాస్త ముందు సంత్రాగాచీ స్టేషను దాటుతుంది. సామాను సర్దుకొనే తొందరలో ఎవరూ కిటికీలో నుండి చూడరు. ఆ స్టేషనుకు సమీపంలోనే ఒక పెద్ద చెరువు ఉన్నది. చలికాలంలో దాని మీద వేలకొలది చిన్న బాతులు వాలి ఉంటాయి. ఈల వేసినట్లు కూసే ఆ బాతులను మనవైపు చిలువలంటారు. బెంగాలీలు సరాల్ అంటారు. అవి రాకముందే చెరువును కప్పిన గుర్రపుడెక్కను తొలగిస్తారు. కాని మొత్తం తీసివేయరు. పక్షులు కూర్చోవడానికి వీలుగా దీవుల వలె అక్కడక్కడ కొంత మిగులుస్తారు. నేను మొట్టమొదట ఈ నగరానికి వచ్చిననాడు ఆ చెరువు పక్కనే వచ్చాను గాని దానిని చూడలేదు. పదేళ్ల తరువాత గాని అది అక్కడ ఉన్నదని నాకు తెలియలేదు. కన్ను ఉన్నంత మాత్రాన చూపు ఉండదని నాకు ఆ చెరువే నేర్పింది.

తోటలో తెల్లవారుజాము

మా నడక నరేంద్రపూర్‌లో మొదలయింది. అక్కడ సుమారు 17 ఎకరాల పాత మామిడి తోట ఒకటి ఉన్నది. స్థానికులు దానిని కయాలేర్ బాగాన్ అంటారు. ఆలనాపాలనా లేక పెరిగిన మామిడి, పనస, కొబ్బరి చెట్లు, వాటి కింద చీకటి గుబుర్లు, నడుమ వెదురు పొదలు. చుట్టూ ఇళ్లు పెరిగిపోతుంటే ఈ ఒక్క తోట మిగలడానికి కారకులలో ముఖ్యుడు శిల్పి చింతామణి కర్. ఆయన నివాసం ఆ సమీపంలోనే. 2005లో ఆయన కన్నుమూసిన తరువాత ఈ తోటకు చింతామణి కర్ పక్షి అభయారణ్యమని పేరు వచ్చింది. రాతితోను, కంచుతోను మనుష్యుల రూపాలను మలచిన చేయి, చివరకు ఒక తోటను యథాతథంగా ఉంచడానికి పాటుపడటం నాకు గొప్ప విషయంగా తోస్తుంది. కొన్ని వస్తువులకు ఉలి తగలకుండా కాపాడటం కూడ శిల్పమే కాబోలు.

నా మిత్రుడు ఉపాధ్యాయ వృత్తిలో ఉండి విరమించినవారు. నేను వారిని మాస్టర్ మశాయ్ అని పిలుస్తాను. మంచు విడిపోయేదాకా ఒక్క అడుగు కూడ వేయవద్దని వారి నియమం. కదలకుండా నిలుచున్నాము. మొదట ఏమీ కనబడలేదు, అన్నీ వినబడినవి. ఎక్కడో వడ్రంగిపిట్ట మాను మీద ముక్కుతో కొడుతున్నది. గోరింకలు కీచులాడుతున్నవి. జెముడుకాకి గొంతులో నుండి లోతుగా, బిందెలో నీళ్లు కదిలినట్లు ధ్వని వస్తున్నది. పావుగంట గడిచిన తరువాత, అప్పటిదాకా ఆకులని అనుకొన్నవి పక్షులుగా మారినవి.

మా ఇద్దరి మధ్య చాలాకాలంగా ఒక ఆట ఉన్నది. పక్షి కనబడగానే ఆయన బెంగాలీ పేరు చెబుతారు. నేను తెలుగు పేరు చెప్పాలి. చెప్పలేకపోతే ఆనాటి తేనీటి ఖర్చు నాది. ఆయన శాలిక్ అంటే నేను గోరింక అన్నాను. టియా అంటే చిలుక. బాబుయి అంటే గిజిగాడు. కాఠ్‌ఠోక్రా అంటే వడ్రంగిపిట్ట. వారు దానిని కట్టె కొట్టేదిగా చూచారు, మనము ఏకంగా ఒక వృత్తిలోనే చేర్చాము. ఇంతలో పొడుగు తోక గల గోధుమరంగు పక్షి ఒకటి కొమ్మ మీద వాలి గరగరమని అరిచింది. హాండీచాచా అన్నారు మాస్టర్ మశాయ్. కుండ అడుగు గీరేది అని అర్థం. ఆ కూత నిజంగా మాడిన కుండను గీరినట్లే ఉంటుంది. దాని తెలుగు పేరు పాత పట్టికలలో గోకురాయి అని చదివాను. రాయి సంగతి ఎట్లున్నా అందులోను గోకుడే నా చెవికి వినిపిస్తుంది. బెంగాలులో ఒక గృహిణి, ఆంధ్రదేశంలో ఒక రైతు, ఒకరినొకరు ఎన్నడూ చూడకుండానే ఒకే పక్షి గొంతులో ఒకే ధ్వనిని విన్నారు.

పేర్లు పెట్టడం పండితుల పని అనుకొంటాము. పక్షుల విషయంలో మాత్రం పేర్లు పొలాల్లోను, పెరళ్లలోను పుట్టినవి. ఆ పేర్లు చెప్పగలవారు తగ్గిపోతున్నారు. ఆనాడు పన్నెండు పక్షులకు నేను తెలుగు పేరు చెప్పలేకపోయాను. తేనీటి ఖర్చు నాదే అయింది. ఆ పేర్లు లేక కాదు, నాకు తెలియక. మా నాయనమ్మకు అవన్నీ తెలుసు. నేను ఆమెను అడగలేదు.

పార్కు వీధి, కడప పొదలు

తోట చివర గుబురులో ఒక చిన్న పిట్ట నాలుక చప్పరించినట్లు టక్ టక్ మంటూ దాగి తిరుగుతున్నది. చూడటానికి దానిలో ఏ విశేషమూ లేదు; మట్టిరంగు వీపు, లేత పొట్ట. అది రష్యా, మధ్య ఆసియా ప్రాంతాల వైపు నుండి చలికాలానికి మన దేశం వచ్చే పక్షి. బెంగాలు గుబుర్లలోను, మన తెలుగునాట చెరువుగట్ల పొదలలోను ఇదే పిట్ట చలికాలం గడుపుతుంది. ఇంగ్లీషు పుస్తకాలలో అది బ్లైత్ అనే ఆయన పేరు మీద చెలామణి అవుతున్నది. ఆయన కథ ఈ నగరానికీ, మన సీమకూ మధ్య ఒక దారం వంటిది గనుక కొంచెం ఆగి చెబుతాను.

1784లో ఈ నగరంలో స్థాపించబడిన ఏషియాటిక్ సొసైటీకి పార్కు వీధిలో ఒక మ్యూజియం ఉండేది. 1841 నుండి 1862 వరకు ఎడ్వర్డ్ బ్లైత్ దాని పాలకుడుగా పనిచేశాడు. జీతం స్వల్పం, ఆరోగ్యం అంతంతమాత్రం. అడవులలో తిరిగే తీరికా తక్కువే. దేశం నలుమూలల నుండి మిత్రులు పంపే చర్మాలను, ఉత్తరాలను, నగరపు సంతలలో అమ్మకానికి వచ్చే పక్షులను ఆధారం చేసుకొని ఆయన భారతీయ పక్షిశాస్త్రానికి పునాది వేశాడు. ఆయన సేకరణలు తరువాత ఇండియన్ మ్యూజియానికి చేరినవి. 1916లో భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థ వెలసింది కూడ ఈ నగరంలోనే.

అదే కాలంలో దక్షిణాన థామస్ జెర్డన్ అనే వైద్యుడు ఉండేవాడు. 1836లో మద్రాసు రాజధానికి వచ్చి, కొంతకాలం నెల్లూరులో పనిచేశాడు. రోగులను చూస్తూనే పక్షులను చూచాడు. గ్రామస్థులు వాటిని ఏమని పిలుస్తారో అడిగి తెలుగు పేర్లు వ్రాసుకొన్నాడు. నెల్లూరు, కడప ప్రాంతాల కొండ దాపుల పొదలలో ఆయనకు ఒక విచిత్రమైన పక్షి కనబడింది. పగలు దాగి రాత్రి సంచరించేది, రొమ్ము మీద రెండు పట్టెలు గలది. దానికి శాస్త్రనామం పెట్టి 1848లో లోకానికి తెలిపినవాడు కలకత్తాలోని బ్లైత్. జెర్డన్ వ్రాసిన భారతదేశ పక్షుల గ్రంథం కూడ 1862-64 సంవత్సరాలలో ఈ నగరంలోనే అచ్చయింది. మనవారు ఆ పక్షిని కలివికోడి అంటారు.

తరువాతి కథ మీలో కొందరికి తెలిసే ఉంటుంది. 1900లో అనంతపురం ప్రాంతంలో చూచిన తరువాత అది మళ్లీ ఎవరి కంటా పడలేదు. అంతరించిందనుకొన్నారు. 86 ఏళ్లు గడిచిన తరువాత, 1986 జనవరిలో, బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘంవారి అన్వేషణకు తోడ్పడిన ఒక సామాన్య గ్రామస్థుడు కడప జిల్లా రెడ్డిపల్లి వద్ద రాత్రివేళ దీపపు వెలుగులో దానిని పట్టుకొన్నాడు. దాని కోసం లంకమల అభయారణ్యం ఏర్పడింది. తెలుగుగంగ కాలువ దారిని సైతం కొంతమేర మార్చవలసి వచ్చింది. ఇంత చేసినా కలివికోడి నేడు అత్యంత ప్రమాదస్థితిలో ఉన్న పక్షులలో ఒకటి. కనబడటమే అరుదయింది.

కలకత్తా గ్రంథంలో దాని పేరు ఎనభైఆరేళ్లు భద్రంగా ఉన్నది. కాని పక్షిని మళ్లీ కనుగొన్నది గ్రంథం కాదు, ఆ పొదలలో తిరిగే మనిషి. గ్రంథం లేకపోతే ఏది పోయిందో ఆ మనిషికి తెలిసేది కాదు. ఆ మనిషి లేకపోతే గ్రంథంలోని పేరు సమాధి మీది పేరుగా మిగిలేది.

దసరా పక్షి

తొమ్మిది గంటలకు తోట విడిచి తూర్పుకు బయలుదేరాము. ఆటోలో కొంత దూరం, కాలినడకన కొంత దూరం. ఖేయాదహ వైపు పోయే దారిలో విద్యుత్తు తీగ మీద ఒక పక్షి కూర్చుని ఉన్నది. మేము దగ్గరకు రాగానే ఎగిరింది. రెక్కలు విప్పగానే నీలం మీద నీలం!

"నీల్‌కంఠ" అన్నారు మాస్టర్ మశాయ్.

"పాలపిట్ట" అన్నాను నేను.

దసరానాడు పాలపిట్టను చూడటం శుభమని తెలంగాణలో ఆచారం. జమ్మిచెట్టుకు పూజ చేసి, ఊరి పొలిమేరలలో పాలపిట్ట కోసం వెతికేవారు. అది తెలంగాణ రాష్ట్రపక్షి కూడ. బెంగాలులోనూ విజయదశమికి ఈ పక్షితోనే సంబంధం ఉన్నది. దుర్గామాత పుట్టింటి నుండి తిరిగివస్తున్నదని కైలాసంలో ఉన్న శివునికి ముందుగా వార్త చేరవేసేది నీల్‌కంఠ పక్షి అని వీరి నమ్మకం. అందువల్ల కలకత్తాలోని కొన్ని పాత జమీందారీ కుటుంబాలవారు నిమజ్జనవేళ ఈ పక్షిని పంజరం నుండి విడిచిపెట్టేవారు.

ఇక్కడ ఒక చేదు నిజం చెప్పక తప్పదు. విడిచిపెట్టాలంటే ముందు పట్టాలి. పట్టేవారు వలలతో, జిగురుతో పట్టి, రోజుల తరబడి పంజరాలలో ఉంచేవారు. అట్టి పక్షి ఎగిరిపోయినా ఎంతకాలం బ్రతుకుతుంది? మనవైపు కూడ పొలిమేర దాకా పోయే ఓపిక లేనివారి కోసం పంజరంలో పాలపిట్టను తెచ్చి చూపి డబ్బులు తీసుకొనేవారు తయారయినారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన తరువాత ఇది నేరమయింది. కలకత్తా కుటుంబాలు కొన్ని మట్టితో చేసిన పక్షిని గంగలో వదలడం మొదలుపెట్టినవి. ఆచారం నిలిచింది, పక్షీ నిలిచింది. తెలుగునాట ఇంతకన్న సులువైన మార్గం ఉన్నది. మన ఆచారంలో పట్టమని లేదు, చూడమని మాత్రమే ఉన్నది. చూడాలంటే పొలానికి పోవాలి; పోతే కనబడాలంటే పొలం పక్కన చెట్టు ఉండాలి. ఆచారంలోనే చెట్టును ఉంచమన్న ఆజ్ఞ ఉన్నదని నా భావన.

మురుగు అన్నమయ్యే చోటు

మధ్యాహ్నానికి చేపల చెరువులు చేరుకొన్నాము. వీటిని ఇక్కడ భేరీలంటారు. కనుచూపు మేర నీరు. నీటికి నీటికి నడుమ సన్నని గట్లు. గట్లవెంట ఒడ్డు కోసుకుపోకుండా కట్టిన గుర్రపుడెక్క. దూరాన మంచులో నగరపు మేడలు. ఆ నీరంతా ఎక్కడిదో తెలిస్తే మీరు ఆశ్చర్యపోతారు. అది ఈ నగరపు మురుగునీరు.

హుగ్లీ నది నగరానికి పడమట ఉన్నా నేల వాలు మాత్రం తూర్పుకు ఉన్నది. కనుక మురుగు కాలువలను తూర్పుకే త్రవ్వారు. ఒకప్పుడు ఇక్కడ విద్యాధరి అనే నది సముద్రపు పోటుతో పారేది; ఈ ప్రాంతమంతా ఉప్పునీటి బీడు. నది క్రమంగా పూడుకుపోయి 1928 నాటికి మృతనదిగా ప్రకటించబడింది. ఉప్పునీటి చేపలు పోయినవి. బ్రతుకుతెరువు పోయిన బెస్తలు చేతులు ముడుచుకొని కూర్చోలేదు. మురుగునీటిని కొద్దికొద్దిగా చెరువులలోకి మళ్లించి, మంచినీటి చేపలను పెంచడం నేర్చుకొన్నారు.

దీనిలోని రహస్యం సూర్యరశ్మి. చెరువు లోతు తక్కువ. నీరు కొన్ని వారాలు నిలిచినప్పుడు ఎండకు మురుగులోని మలినాలు విరిగిపోయి సూక్ష్మమైన నాచుకు ఆహారమవుతాయి. నాచును చేపలు తింటాయి. మనము శీలావతి, బొచ్చె, ఎర్రమోసు అనే చేపలే ఇక్కడ రూయీ, కాత్లా, మృగెల్. చెరువు నుండి వెలువడిన నీరు వరిపొలాలకు పోతుంది. పక్కనే ధాపాలో నగరపు చెత్త మగ్గిన నేల మీద కాలీఫ్లవరు, ఆకుకూరలు పండిస్తారు. యంత్రాలు పెట్టి కోట్లు ఖర్చు చేసి చేయవలసిన పనిని చదువు లేని మత్స్యకారులు ఎండతో, నాచుతో, చేపతో చేసి, పైగా నగరానికి అన్నం పెడుతున్నారు.

ఈ సంగతి అధికార లోకానికి తెలిపినవాడు ధ్రువజ్యోతి ఘోష్ అనే ఇంజనీరు. ఆయన 1980 దశకంలో ఈ గట్లవెంట నడిచి, మత్స్యకారులను గురువులుగా భావించి, వారి విజ్ఞానాన్ని పటాలుగా, లెక్కలుగా వ్రాశాడు. అంతకుముందే 1960 దశకంలో ఉత్తరపు భాగాన్ని హుగ్లీ పూడికతో నింపి సాల్ట్ లేక్ నగరాన్ని కట్టారు. మిగిలినదానినైనా కాపాడాలని పౌరులు న్యాయస్థానానికి పోయారు. 1992లో కలకత్తా హైకోర్టు ఈ చిత్తడి నేలలను పూడ్చరాదని తీర్పు చెప్పింది. 2006లో ప్రత్యేక చట్టం కూడ వచ్చింది. ఘోష్ 2018లో కాలధర్మం చెందారు.

పక్షుల మాట చెప్పనే లేదు. పట్టుబడికి నీరు తీసిన ఒక చెరువులో బురద తేలి ఉన్నది. ఆ బురద మీద చిన్న తెల్లకొంగలు, గుడ్డికొంగలు వందలకొద్దీ. వంగిన ముక్కు మధ్యలో సందు గల గుల్లకొంగలు నత్తల కోసం వెతుకుతున్నవి. బెంగాలీలో వాటిని శాముక్‌ఖోల్ అంటారు, అక్కడా ఇక్కడా నత్తగుల్లే పేరయింది. కాటుకపిట్టలు తోకలాడిస్తూ గట్టు మీద పరుగెత్తుతున్నవి. వానకోవెలలు నీటికి తగులుతూ ఎగురుతున్నవి. తీతువు మమ్మల్ని చూచి ఊరంతా చాటింపు వేసింది. తీగలవంటి పొడుగాటి కాలివేళ్లతో ఒక పక్షి ఆకుల మీదనే నడిచిపోయింది. దానిని జలపిపి అంటారట. పొద్దు తిరిగే వేళకు నా పుస్తకంలో 47 రకాల పేర్లు చేరినవి.

దారం కట్టిన చేయి

అక్కడొక చిన్న చెరువు మీద అడ్డంగా, నిలువుగా నైలాను దారాలు కట్టి ఉన్నవి. నీటికాకులు దిగి చేపపిల్లలను తినకుండా ఆ ఏర్పాటు. ఒక దారానికి నీలిరంగు ముద్ద ఏదో వేలాడుతున్నది. దగ్గరకు పోయి చూస్తే లకుముకిపిట్ట. రెక్కకు దారం చుట్టుకొని తలకిందులుగా ఉన్నది. కొన ఊపిరితో ముక్కు తెరుస్తున్నది. అది పశ్చిమ బెంగాల్ రాష్ట్రపక్షి.

గట్టు మీద గడ్డి కోస్తున్న ముసలాయనను మాస్టర్ మశాయ్ "కాకా!" అని కేకవేశారు. ఆయన మాటాడకుండా నీటిలోకి దిగాడు. నడుములోతు నీటిలో నిలుచుండి, కొడవలి కొనతో దారాన్ని ఒక్కొక్క పోగే కోసి, పక్షిని తెచ్చి నా చేతిలో పెట్టాడు. అరచేతిలో దాని గుండె కొట్టుకోవడం తెలుస్తున్నది. కొంతసేపటికి ఒక్కసారిగా విదిలించుకొని ఎగిరి, వంకరగా పోయి, అవతలి గట్టు మీది కర్రపై వాలింది.

నేను ఆ దారాలను చూపి, ఇవి కట్టడం తప్పు కాదా అని అడిగాను. నా బెంగాలీలోని యాసను బట్టి పరదేశినని గ్రహించి, ఆయన నెమ్మదిగా అన్నాడు: "బాబూ, ఈ దారం కట్టిందీ నేనే, కోసిందీ నేనే. చేప తగ్గితే నన్నడుగుతారు. పిట్ట చస్తే నన్ను ఎవరూ అడగరు. అందుకే కడతాను. కాని చావడం చూస్తూ నిలబడలేను. అందుకే కోస్తాను."

తరువాత ఆయన చేయెత్తి దక్షిణాన ఒక చోటు చూపాడు. అక్కడ ఇటుక ముక్కలు, కూల్చిన గోడల మట్టి గుట్టలుగా పోసి ఉన్నవి. తన చిన్నతనంలో అదీ చెరువేనట. "అక్కడ పిట్టల బెడద లేదు, దారాలు కట్టనక్కరలేదు" అన్నాడు. నాకు మాట రాలేదు. పక్షిని ప్రేమించడం నాకు సెలవుదినపు సంతోషం. ఆయనకు అది కూలిలో కోత. ఈ రెండింటినీ కలిపి ఆలోచించని సంరక్షణ నిలువదని ఆనాడు నాకు తెలిసింది. దారానికి బదులు కాపలా పెట్టినా, సందు చిన్నదైన వల బిగువుగా పరచినా పక్షి చిక్కదు. కాని ఆ ఖర్చు ఎవరు భరించాలి? మురుగు పంపేది నగరం, చేప తినేది నగరం, పక్షిని చూడవచ్చేది నగరం. ఖర్చు మాత్రం గట్టు మీది కూలివాడిది కావడం న్యాయమా?

రెండు సరస్సులు, ఒక తేదీ

ఇప్పుడు మన ఇంటి సంగతి. అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో ఈ తూర్పు కోల్‌కతా చిత్తడి నేలలు 2002 ఆగస్టు 19న చేరినవి. విస్తీర్ణం 12,500 హెక్టార్లు. అదే తేదీన అదే జాబితాలో చేరిన మరొక పేరు కొల్లేరు. దాని విస్తీర్ణం 90,100 హెక్టార్లు.

రెండింటికీ తేదీ ఒకటే, కథ వేరు. కృష్ణా గోదావరుల నడుమ సహజంగా ఏర్పడిన పెద్ద సరస్సు కొల్లేరు. అక్కడ చేపల చెరువుల కోసం గట్లు పోసి సరస్సును ముక్కలు చేశారు. నీరు పారే దారులు మూసుకుపోయినవి. 2006లో ప్రభుత్వం ఆ గట్లను పెద్దయెత్తున తెగగొట్టవలసి వచ్చింది. వాటి మీద బ్రతికేవారికి కష్టం కలిగింది. ఆ వివాదం నేటికీ చల్లారలేదు. అంటే చేపల చెరువు ఇక్కడ చిత్తడి నేలకు ప్రాణం పోస్తుంటే అక్కడ అదే ప్రాణం తీసింది. కనుక ఒకచోట మందైనది మరొకచోట విషం కావచ్చు. ఒక ప్రాంతపు పద్ధతిని మరొక ప్రాంతం గుడ్డిగా అనుకరించరాదు. ఆ నేల వాలు ఏది, నీరు ఎటునుండి వచ్చి ఎటు పోతుంది, దాని మీద ఎవరు బ్రతుకుతున్నారు అన్న మూడు ప్రశ్నలు వేసుకొన్న తరువాతనే నిర్ణయానికి రావాలి. అయినా ఆటపాక వద్ద గూడబాతులు నేటికీ గూళ్లు కడుతున్నవి. ఆశ వదులుకోనక్కరలేదు.

పోయిన పక్షి

పొద్దువాలిన తరువాత బాంతలా వైపు నడిచాము. వాయవ్యాన ధాపా చెత్తగుట్ట మీద గద్దలు ముసురుకొని తిరుగుతున్నవి. నూటయాభై ఏళ్లనాడైతే గద్దలతోపాటు మనిషి ఎత్తున ఉండే ఒక కొంగ కూడ కనబడేది. దానిని ఇక్కడ హర్‌గిలా అంటారు, ఎముకలు మింగేది అని అర్థం. మన పాత తెలుగు పేరు పీనుగులకొంగ. వేసవిలోను, వానకాలంలోను అవి కలకత్తా మేడల అంచుల మీద బారులు తీరి నిలుచుండేవి. వీధులలోని కళేబరాలను శుభ్రం చేసేవి. నగరపాలక సంస్థ పాత చిహ్నంలో రెండు హర్‌గిలాలు ముక్కున పాములతో నిలిచి ఉండేవి. నగరం శుభ్రపడింది, వాటి ఆహారం పోయింది. దూరాన బర్మాలో అవి గూళ్లు కట్టే అడవులూ పోయినవి. చిహ్నం మీద పక్షి మిగిలింది, మేడ మీద పక్షి లేకపోయింది.

నేడు ఆ పక్షి ప్రధానంగా అస్సాం, బీహారులలోను, కంబోడియాలోను మాత్రమే గూడు కట్టుకొంటున్నది. అస్సాంలో పూర్ణిమాదేవి బర్మన్ అనే శాస్త్రజ్ఞురాలు గ్రామీణ స్త్రీలను కూడగట్టి, అపశకునమని నరికివేసే గూటిచెట్లను కాపాడారు. ఆ స్త్రీలు తమ నేత చీరల మీద ఆ పక్షి బొమ్మను నేస్తారు. 2022లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం ఆమెను సత్కరించింది. ఒక నగరం పోగొట్టుకొన్నదానిని ఒక పల్లె నిలుపుకొన్నది.

విద్యార్థులకు ఒక మాట

పక్షులను చూడటానికి ఖరీదైన పరికరాలు అవసరం లేదు. రెండు కళ్లు, ఒక పుస్తకం, ఒక పెన్సిలు, నిలబడే ఓపిక చాలును. నేడు మీ చేతిలోని ఫోనులోనే పక్షుల కూతలను గుర్తుపట్టే సాధనాలు ఉన్నవి. వాటిని తప్పక వాడుకోండి. కాని మీ ఊరిలో మీ తాతగారు ఆ పక్షిని ఏమని పిలిచేవారో అందులో దొరకకపోవచ్చు. ఈసారి సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఆ పేర్లు అడిగి వ్రాసుకొనండి. మీ పక్కింటి బెంగాలీవారిని అడిగి వారి పేరు పక్కన వ్రాయండి. ఒరియా మిత్రుడుంటే మూడవ వరుస గీయండి. భావసమైక్యతను గురించి పెద్ద మాటలు మనము చాలా విన్నాము. ఒకే పక్షికి మూడు భాషలలో మూడు పేర్లు తెలిసినవాడికి ఆ మాటలు వేరుగా చెప్పనక్కరలేదు.

ఆనాడు సాయంత్రం మేము బస్సు కోసం నిలుచుండగా కొంగలు గుంపులు గుంపులుగా నగరం మీదుగా తమ చెట్లకు తిరిగిపోతున్నవి. మాస్టర్ మశాయ్ నా పుస్తకం తీసుకొని, నేను పేరు వ్రాయలేక ఖాళీగా వదిలిన పన్నెండు చోట్ల బెంగాలీ పేర్లు వ్రాసి, "తక్కిన సగం మీ అప్పు" అన్నారు. నా అప్పు ఇంకా తీరలేదు. ఏడు పేర్లు సంపాదించాను, అయిదు మిగిలినవి. మీలో ఎవరికైనా తెలిస్తే సభానంతరం చెప్పగోరుతాను.

సెలవులకు బయలుదేరేటప్పుడు మాత్రం ఒక పని చేయండి. బండి హౌరా దాటి సంత్రాగాచీ వచ్చేసరికి కిటికీ వద్ద కూర్చుని ఉండండి.